భార్యకో భర్తకో క్యాన్సర్ వైద్యం జరుగుతున్నప్పుడు: విశాఖలో దగ్గరుండి చూసుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసేనాటికి ఆమెకి 46 ఏళ్ళు, నాకు 51. ఎర్రమందు (ఎర్రరంగులో ఉండే మందు) కీమోలు నాలుగు, ఆ తర్వాత వారం వారం ఎక్కించేవి పన్నెండు, ఆపరేషన్, పదిహేను సిట్టింగుల రేడియేషన్. అన్నీ వైజాగ్‌లోనే జరిగాయి. అప్పటినుంచి తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి ఈ జబ్బు వచ్చినా నాకు ఫోన్ వస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక వస్తుంది, పేషెంట్ పడుకున్నాక. మేడ మీదకో వీధి గుమ్మంలోకో వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. దాదాపు అందరివీ అవే ప్రశ్నలు. వాళ్ళకి నేను చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ డాక్టర్ మాటే మాట.

రిపోర్టు సంగతి ఆమెకి చెప్పాలా? తట్టుకోలేదేమో అని భయంగా ఉంది.

చెప్పాలి. నేను నాలుగు రోజులు దాచాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బయాప్సీ రిపోర్టు తెచ్చింది నేనే. ఇంటికొచ్చి "ఇంకా రాలేదట, సోమవారం రమ్మన్నారు" అన్నాను. ఆ నాలుగు రోజులూ ఆమె ఎప్పటిలాగే వంట చేసింది, పక్కింటావిడతో కబుర్లు చెప్పింది. సోమవారం పొద్దున్న నాకు కాఫీ గ్లాసు అందిస్తూ, "నాకు తెలుసులెండి. బీరువాలో చీరల కింద పెట్టారు కదా కవరు" అంది. అప్పుడు ఏడ్చింది. జబ్బు వచ్చినందుకు ఏడ్వలేదు, నేను చెప్పనందుకు ఏడ్చింది. నాలుగు రాత్రులు ఒకే మంచం మీద చెరో వైపు తిరిగి పడుకుని, ఒకే భయాన్ని ఎవరికి వాళ్ళం మోశాం.

తన ఒంటికి ఏం జరగబోతోందో తెలుసుకోవడం ఆమె హక్కు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆమే. ఎంత వివరం కావాలన్నది మాత్రం ఆమెనే అడగండి. కొంతమందికి స్టేజి, గ్రేడు, శాతాలు అన్నీ కావాలి. కొంతమంది "ఏం చెయ్యాలో చెప్పండి, చాలు" అంటారు. మా ఆవిడ రెండో రకం. రిపోర్టులు నన్ను చదవమంది, నిర్ణయం మాత్రం తనే తీసుకుంది. రొమ్ము మొత్తం తీసే పెద్దాపరేషనా, రొమ్ము ఉంచి గడ్డ తీసే ఆపరేషనా అన్న మాట వచ్చినప్పుడు నేను ఒకటి అనుకున్నాను, ఆమె ఇంకొకటి ఎంచుకుంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిదైంది.

వైజాగ్‌లోనే చూపించుకోవచ్చా? హైదరాబాద్, ముంబై వెళ్ళమని అందరూ అంటున్నారు.

మామూలుగా వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి ఇక్కడే పూర్తి వైద్యం దొరుకుతుంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ముంబై టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళదే, అణుశక్తి శాఖ కింద నడుస్తుంది. ఎంవీపీ కాలనీలో మహాత్మా గాంధీ క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. ప్రభుత్వానిది కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉండనే ఉంది. ఇవి కాక కార్పొరేట్ ఆసుపత్రులు. శ్రీకాకుళం, పార్వతీపురం, అరకు నుంచే కాదు, ఒడిశాలోని కోరాపుట్, జయపురం నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు.

దూరం గురించి ఒక మాట. కీమో అంటే మూడు వారాలకోసారో వారానికోసారో వెళ్ళి రావచ్చు. రేడియేషన్ అలా కాదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్ళాలి, అలా కొన్ని వారాలు. నీరసంగా ఉన్న మనిషిని రోజూ గంటల తరబడి ప్రయాణం చేయించడం కంటే ఇంటికి దగ్గరగా ఉన్న మంచి చోటు మేలు. సందేహం ఉంటే బయాప్సీ ముక్క స్లైడ్లు, బ్లాకులు, స్కాన్ సీడీలు తీసుకుని ఒక్కసారి వేరే చోట రెండో అభిప్రాయం అడగండి. అలా అడిగినందుకు మంచి డాక్టరెవరూ కోపగించుకోరు. కానీ ఊళ్ళు తిరుగుతూ రెండు మూడు నెలలు పోగొట్టుకోకండి.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలి?

ముందు రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. గదిలోకి వెళ్ళాక అన్నీ మర్చిపోతాం. నేను అడిగినవి ఇవి: ఇది ఏ రకం, ఎంతవరకు పాకింది? వైద్యం జబ్బుని పూర్తిగా తీసేయడానికా, అదుపులో పెట్టడానికా? ఏ క్రమంలో చేస్తారు, మొత్తం ఎన్నాళ్ళు? రాత్రిపూట ఏదైనా అయితే ఏ నంబరుకి చెయ్యాలి? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు దొరక్కుండా బయటికి రాకండి.

ఇంకా పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్ళు మరో ప్రశ్న తప్పకుండా అడగాలి. కొన్ని కీమో మందుల వల్ల సంతానశక్తి తగ్గవచ్చు, పోవచ్చు. అండాలు, పిండాలు, వీర్యం దాచుకునే మార్గాలు ఉన్నాయి గానీ కీమో మొదలవకముందే చేసుకోవాలి. డాక్టర్ తనంతట తను చెబుతారని ఎదురుచూడకండి, సిగ్గుపడకండి.

ఫైలు ఎలా పెట్టుకోవాలి?

తారీకుల వరసన. కొత్త కాగితం పైన. ఒరిజినల్స్ ఇంట్లో, జిరాక్సులు సంచిలో, ఫోటోలు ఫోన్‌లో. దానితోపాటు రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి. కీమో తారీకు, ఆరోజు బరువు, ముందు రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, హీమోగ్లోబిన్. ఎన్నో రోజున వాంతులు, ఎన్నో రోజున నోటిపూత. మూడో సైకిల్‌కి, అంటే మూడో విడత కీమోకి, వచ్చేసరికి నా పుస్తకం చూసి "ఐదో రోజు విరేచనం బిగుసుకుంటుంది, నాలుగో రోజే మందు వేసుకో" అని ముందే చెప్పగలిగాను. డాక్టర్ కూడా నన్ను మాటలు అడగడం మానేసి పుస్తకం అడిగేవారు.

కీమో రోజు ఎలా ఉంటుంది? ఏం పట్టుకెళ్ళాలి?

డేకేర్‌లో, అంటే కీమో ఎక్కించి అదేరోజు ఇంటికి పంపే వార్డులో, పడకకుర్చీలు వరసగా ఉంటాయి. ముందు సెలైన్, వాంతులు రాకుండా ఇంజెక్షన్, స్టెరాయిడ్, ఆ తర్వాత అసలు మందు. రెండు గంటల్లో అవ్వచ్చు, సాయంత్రం దాకా పట్టచ్చు. లోపల ఏసీ చలి ఎక్కువ. దుప్పటి, మేజోళ్ళు, వేడినీళ్ళ ఫ్లాస్కు, మెత్తటి అన్నం, ఛార్జర్ పట్టుకెళ్ళండి. ముందు వైపు గుండీలు ఉన్న జాకెట్టు వేయించండి, పోర్ట్ (మందు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న పరికరం) ఉన్నవాళ్ళకి తేలిక.

సూది గుచ్చిన చోట మంటగా ఉన్నా, ఎర్రబడినా, వాచినా వెంటనే నర్సుని పిలవండి. "పోనీలే, వాళ్ళు పనిలో ఉన్నారు" అని మొహమాటపడకండి. కొన్ని మందులు నరం బయటికి కారితే కండ కాలుతుంది. ఎర్రమందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. ఈ సంగతి నాకు ఎవరూ ముందే చెప్పలేదు. ఆ సాయంత్రం బాత్రూమ్ తలుపు దగ్గర మేమిద్దరం పడ్డ కంగారు మీరు పడక్కర్లేదు.

జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున్నదాకా చూడచ్చా?

చూడకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకునేటట్టయితే ఇది గుర్తుంచుకోండి.

కీమో మందు క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలో తయారయ్యే తెల్లకణాల్నీ దెబ్బతీస్తుంది. మూడు వారాలకోసారి ఇచ్చే చాలా మందులకి సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంట్లు బాగా కిందికి పోతాయి. ఆ సమయంలో మామూలు సూక్ష్మజీవి కూడా గంటల్లో రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తేవచ్చు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, లేదా జ్వరం లేకపోయినా వణుకు పుడితే, అది అత్యవసరం. ముందు థర్మామీటర్ పెట్టండి, ఫోన్ చెయ్యండి, బయల్దేరండి. పారాసిటమాల్ వేస్తే అంకె తగ్గుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ తగ్గదు.

మా ఇంట్లో రెండో సైకిల్ పదో రోజు రాత్రి పదకొండున్నరకి 100.8 వచ్చింది. నేను డోలో వేశాను. గంటలో చెమట పట్టి దిగింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. నాలుగింటికి మంచం కదులుతుంటే మెలకువ వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకుని పళ్ళు కొట్టుకునేంతగా వణుకుతోంది, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. హాస్పిటల్‌కి చేరేసరికి బీపీ పడిపోయి ఉంది. ఐదు రోజులు లోపల ఉంచారు. డ్యూటీ డాక్టరమ్మ నన్ను కేకలెయ్యలేదు. "అంకుల్, ఈసారి రాత్రే తీసుకురండి" అంది, అంతే. ఆ నాలుగున్నర గంటల ఆలస్యం నాది.

క్యాజువాల్టీలో గుమ్మంలోనే "కీమో పేషెంట్, జ్వరం" అని పెద్దగా చెప్పండి. టోకెన్ తీసుకుని వరసలో కూర్చోవలసిన జ్వరం కాదు ఇది. యాంటీబయాటిక్ సెలైన్ గంటలోపల మొదలవ్వాలి. బండి దొరక్కపోతే 108. ఒక సంచి ఎప్పుడూ సర్ది గుమ్మం పక్కన ఉంచండి.

జ్వరం కాకుండా ఫోన్ చెయ్యవలసినవి ఇంకొన్ని: ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం, చిగుళ్ళ నుంచి ఆగని రక్తం, ఆగని విరేచనాలు, రోజంతా నీళ్ళు కూడా ఇమడకపోవడం.

ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఈ ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువమంది అడుగుతారు. సూత్రం చిన్నది: ఉడికినది, వేడిగా ఉన్నది, ఇంట్లో చేసినది, ఆమె తినగలిగినది. మన ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో దొరికే తిండే చాలు. చోడి అంబలి, పెసరపప్పు, పూర్తిగా ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన వంజరం ముక్క, మెత్తగా వండిన అన్నంలో చారు. మాంసకృత్తులు తగ్గకుండా చూడండి. శాకాహారులైతే పప్పు, పాలు, పనీర్, సోయా. మూడు పూటలా కంచం నిండా పెట్టే బదులు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

కౌంట్లు తక్కువున్న రోజుల్లో పచ్చివి వద్దు. పచ్చి మొలకలు, కోసి పెట్టి అమ్మే పండ్లు, బీచ్ రోడ్డు మీద పానీపూరీ, చెరుకురసం, కాచని పాలు, రాత్రి పులియబెట్టిన తరవాణి. తరవాణి మంచిదేగా అని మా అత్తయ్యగారు బాధపడ్డారు. మంచిదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి. పండ్లు శుభ్రంగా కడిగి, ఇంట్లో తొక్క తీసి, వెంటనే తినిపించండి. కాచిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు మాకు వద్దనలేదు, కౌంట్లు మరీ పడిపోయినప్పుడు మాత్రం అడిగి పెట్టేవాణ్ణి. గుళ్ళో పంచామృతం ఎవరైనా తెస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టండి, ఆ దేవుడు ఏమీ అనుకోడు.

"చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయి" అని ఫోన్లలో తిరుగుతుంటుంది. నిజం కాదు. తీపి మానేసినంత మాత్రాన గడ్డ కరగదు, మనిషి మాత్రం చిక్కిపోతుంది. బరువు తగ్గితే కీమో తట్టుకోవడం కష్టమవుతుంది. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. కీమోకి ముందిచ్చే స్టెరాయిడ్ వల్ల వాళ్ళకి షుగర్ పైకి పోతుంది, ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి.

వంట వాసనే పడటం లేదు. ఏం చేస్తే బాగుంటుంది?

పోపు వాసన, ఎండుచేపల వాసన, అగరొత్తులు కూడా పడవు. వండేటప్పుడు ఆమెని వీధి గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టండి. వాంతుల మాత్ర వాంతి అయ్యాక వేసేది కాదు, రాసిచ్చిన టైముకి ముందే వెయ్యాలి. నోరు ఇనుము చప్పరించినట్టు ఉందంటే స్టీలు చెంచా మార్చి చెక్క చెంచాతో పెట్టండి. నోటిపూతకి, గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. మెత్తటి బ్రష్ వాడాలి. కారం, పులుపు కొన్నాళ్ళు పక్కన పెట్టాలి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. కంచం పట్టుకుని "ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద" అని పోరకండి. నేను చేశాను. ఆమె నా కోసం తిని, నాకు కనపడకుండా వాంతి చేసుకునేది.

జుట్టు రాలడం మొదలైంది. ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

రాలగొట్టే మందులకి మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. అన్ని కీమోలకీ ఊడదు, మీ మందు సంగతి అడగండి. "మళ్ళీ వస్తుందిలే" అని వెంటనే అనేస్తాం. వస్తుంది, కీమో అయిన కొన్ని నెలలకి వస్తుంది. కానీ ఆ నిమిషంలో ఆ మాట ఆమెకి ఎందుకూ పనికిరాదు.

మా ఆవిడది నడుం దాటే జడ. పదిహేడో రోజున తల దువ్వుకుంటుంటే దువ్వెనతోపాటు పాయ మొత్తం వచ్చేసింది. రాత్రికి తలగడ మీద, తెల్లారి బకెట్‌లో, మధ్యాహ్నం పెరుగన్నంలో. అప్పుడు నన్ను పిలిచి కత్తెర చేతికిచ్చింది. పెరట్లో స్టూలు మీద కూర్చుంది. ముందు జడ బిగించి అల్లమంది. నాకు అల్లడం రాదు. మూడు పాయలు ఎలా తిప్పాలో వెనక్కి చెయ్యి పెట్టి చూపించింది. అల్లాక మెడ దగ్గర కోశాను. కత్తెర ఒక్కసారిలో తెగలేదు, నాలుగైదుసార్లు నొక్కాల్సి వచ్చింది. ఆ జడని పాత సిల్కు జాకెట్టు గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

విగ్గు కావాలా, చున్నీయా, ఏమీ వద్దా అన్నది ఆమె ఇష్టం. మా ఆవిడ మెత్తటి నూలు గుడ్డ కట్టుకుంది. మీకు గుండు చేయించుకోవాలనిపిస్తే ముందు ఆమెని అడగండి. నేనడిగితే "వద్దండీ, ఇంట్లో ఒకరికైనా జుట్టుండనివ్వండి" అంది.

ముట్టుకోవచ్చా? ఒకే కంచంలో తినచ్చా? పక్కన పడుకోవచ్చా?

క్యాన్సర్ అంటుకోదు. ముట్టుకోండి, పట్టుకోండి, పక్కన పడుకోండి. బయటినుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, గది దాటాక పసిపిల్లనైనా ఎత్తుకోవచ్చు. రేడియోధార్మిక అయోడిన్ లాంటి మందు మింగించే వైద్యం వేరు, దానికి హాస్పిటల్ వాళ్ళు వేరే జాగ్రత్తలు చెబుతారు.

కీమో తర్వాత 48 గంటలు మాత్రం మూత్రం, మలం, వాంతి విషయంలో జాగ్రత్త. మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యాలి. గిన్నె కడిగేటప్పుడు, తడిసిన బట్టలు తీసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పనులు ఆమెతో చేయించకండి.

దాంపత్యం గురించి ఎవరూ పైకి అడగరు, ఫోన్ పెట్టేసే ముందు నసుగుతారు. కౌంట్లు బాగుండి, ఆమెకి ఇష్టమైతే తప్పు లేదు. కండోమ్ తప్పనిసరి, వైద్యం జరిగే కాలంలో గర్భం రాకూడదు. చాలామందికి నెలల తరబడి ఆ కోరికే ఉండదు. అది మీ మీద ప్రేమ తగ్గడం కాదు. ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ మచ్చ నాకు కనపడకుండా తలుపేసుకుని చీర మార్చుకునేది. నేను అడగలేదు. డ్రెస్సింగ్ చెయ్యడానికి వచ్చే నర్సు ఒకరోజు రాలేదు, అప్పుడు తనే నన్ను పిలిచింది.

బంధువులు వరసగా వస్తున్నారు. వద్దనలేకపోతున్నాం.

వద్దనే పని మీది, ఆమెది కాదు. "డాక్టర్ గారు ఎవరినీ రానివ్వద్దన్నారు" అని చెప్పండి, నింద డాక్టర్ మీదకి పోనివ్వండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళని గుమ్మంలోనే ఆపండి. ఎవరెవరికో వచ్చి ఎలా పోయారో చెప్పేవాళ్ళని మధ్యలోనే ఆపి టీ తాగడానికి బయటికి తీసుకెళ్ళండి. కబుర్లు చేరవెయ్యడానికి ఒక్క మనిషిని పెట్టుకోండి, మాకు మా తోడల్లుడు చేశాడు. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళకి వెంటనే పని చెప్పండి. మంగళవారం క్యారేజీ, గురువారం పిల్లాడి ట్యూషన్, గ్యాస్ బండ. మనవాళ్ళు పని చెబితే నిజంగా చేస్తారు.

ఆకుపసరు, భస్మాలు, ఫలానా ఊళ్ళో ఇచ్చే పొడి పెట్టచ్చా?

కీమో నడుస్తుండగా డాక్టర్‌కి చెప్పకుండా ఏదీ పెట్టకండి. కొన్ని మూలికలు కీమో మందుని శరీరం వాడుకునే తీరునే మార్చేస్తాయి, కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని భస్మాల్లో బరువు లోహాలు ఉంటాయి. వంటలో పసుపు, అల్లం, వెల్లుల్లికి ఏమీ కాదు. క్యాప్సూళ్ళు, కషాయాలు వేరు. కీమో మానేసి ఇది తిను అనేవాడిని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. ఈ మాటలో నాకు ఏ మొహమాటమూ లేదు. సింహాచలం వెళ్ళి దండం పెట్టుకోండి, కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకోండి, మేమూ మొక్కుకున్నాం. మొక్కు కీమో తారీకుని మార్చదు.

డబ్బు ఎలా?

ముందు అర్హత చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే ఒకప్పటి ఆరోగ్యశ్రీలో, క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఉన్నాయి. నెట్‌వర్క్ హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ఆధార్, బియ్యం కార్డు చూపించి అడగండి. అనుమతి వచ్చాకే వైద్యం మొదలుపెట్టించుకోండి, ముందే కట్టేసిన డబ్బు వెనక్కి రావడం కష్టం. వివరాలకి 104. ప్రభుత్వోద్యోగులకి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం), కార్మికులకి ఈఎస్ఐ. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకుంటారు. ప్రైవేటు బీమా ఉంటే డేకేర్ కీమో వర్తిస్తుందో లేదో మొదటి సైకిల్‌కి ముందే రాతపూర్వకంగా అడగండి.

వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే రైల్వే రాయితీ ఉంది. హాస్పిటల్‌లో ఫారం నింపించుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. స్లీపర్, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ పేషెంట్‌కి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం తగ్గింపు.

ఖర్చు లెక్క ఆమె ముందు పెట్టండి గానీ, ఆమె మీద పెట్టకండి. "నా వల్లే ఇంతా" అని ఒకసారి మనసులో పడిందంటే, నొప్పి వచ్చినా చెప్పరు.

ఊరికే కోపం తెచ్చుకుంటోంది. నా మీదే అరుస్తోంది.

మీరు ఎక్కడికీ పోరని తెలుసు కాబట్టి మీ మీదే అరుస్తుంది. స్టెరాయిడ్ వేసిన రెండు మూడు రోజులు నిద్రపట్టదు, చిరాకు ఎక్కువ. కీమో వల్ల మతిమరుపు కూడా వస్తుంది, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతారు. వాదించకండి. కానీ వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే, చావు మాట ఎత్తితే, డాక్టర్‌కి చెప్పండి. మానసిక సాయానికి టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

పిల్లలకి ఏం చెప్పాలి?

నిజం, వాళ్ళ వయసుకి తగ్గంత. జబ్బు పేరు చెప్పండి. వాళ్ళు చేసిన దేనివల్లా రాలేదని చెప్పండి, చిన్నపిల్లలు తమ వల్లే వచ్చిందని అనుకుంటారు.

నొప్పికి మార్ఫిన్ రాశారు. అలవాటైపోతుందా? అంటే ఇక ఆఖరి దశేనా?

రెండూ కాదు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో నోటిద్వారా వేసే మార్ఫిన్‌తో వ్యసనం భయం చాలా తక్కువ. తనంతట తనే ఆపకూడదు, మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనం మందు మొదటిరోజు నుంచే వెయ్యాలి. పాలియేటివ్ కేర్ అంటే ఆశ వదులుకోవడం అనుకుంటారు. నొప్పి, ఆయాసం, నిద్రలేమి తగ్గించే వైద్యం అది, కీమోతోపాటే ఇప్పించుకోవచ్చు.

జబ్బు తగ్గదని తెలిసినప్పుడు వెంటిలేటర్ లాంటివి కావాలా వద్దా అన్నది మనిషి స్పృహలో ఉండగానే రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో చేయించవచ్చు. ఈ మాట ఎత్తడం కష్టం. కొన్నిసార్లు పేషెంటే ఎత్తుతారు, అప్పుడు "అలాంటి మాటలు అనకు" అని నోరు మూయకండి.

పేషెంట్ భర్త అయితే?

ఇందులో చాలావరకు అలాగే వర్తిస్తుంది, ఒక్క తేడా ఉంది. నేను మా ఆవిడని చూసుకుంటుంటే ఊరంతా మెచ్చుకుంది, క్యారేజీలు పంపింది. అదే పని ఆడమనిషి చేస్తే అది ఆమె విధి అంటారు, ఎవరూ పలకరించరు. డేకేర్‌లో మా పక్క కుర్చీలో నోటి క్యాన్సర్‌తో ఒకాయన ఉండేవారు. ఆయన భార్య రాత్రంతా ఆయన పక్కన ఉండి, తెల్లారి కీమోకి తీసుకొచ్చి, సాయంత్రం వెళ్ళి ఇడ్లీ బండి పెట్టేది. అలాంటి అక్కచెల్లెళ్ళు మీవాళ్ళల్లో ఉంటే వారానికి ఒక్కరోజు వెళ్ళి కూర్చోండి, ఆమెని పడుకోనివ్వండి.

ఆడవాళ్ళకి నా మాట: మీ బీపీ మాత్ర, మీ భోజనం మానకండి. ఖైనీ, గుట్కా, చుట్ట సంగతి ఎత్తి ఆయన్ని దెప్పకండి, ఇప్పుడు మానిపించండి చాలు. వైద్యం మధ్యలో మానినా లాభమే.

నాకు ఏడుపొస్తోంది. ఆమె ముందు ఏడవచ్చా?

ఏడవండి. నేను ఆరు నెలలు ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర బండి ఆపుకుని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికెళ్ళేవాణ్ణి. ఒకరోజు తనే "ఇసక కాళ్ళతో వస్తున్నారు రోజూ, నన్నూ తీసుకెళ్ళచ్చుగా" అంది. తర్వాతి రోజు నుంచి జనం రాకముందే, పొద్దున్న ఐదున్నరకి ఇద్దరం వెళ్ళాం.

ట్రీట్‌మెంట్ అయిపోయింది. అయినా భయం పోలేదు. మామూలేనా?

మామూలే. హాస్పిటల్‌కి వెళ్ళడం ఆగాకే భయం ఎక్కువైందని చాలామంది అంటారు. మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ ఉంటుంది, దానికి వారం ముందు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. చెకప్ రోజు సెలవు పెట్టండి, ఇద్దరూ వెళ్ళండి. హార్మోన్ మాత్ర రాస్తే అది ఐదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒంట్లో బాగుందని మధ్యలో మానకూడదు. చంకలో గ్రంథులు తీసినవాళ్ళు ఆ చేతికి దెబ్బలు, కాలిన గాయాలు తగలకుండా చూసుకోవాలి, వాపు కనిపిస్తే ఫిజియోథెరపీకి వెంటనే వెళ్ళాలి.

మీ ఆవిడ ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఈమధ్య చెకప్ బాగుందన్నారు. తర్వాతిది దసరా అయ్యాక. జుట్టు భుజాల దాకా వచ్చింది, ముందుకంటే ఉంగరాలు తిరిగి వచ్చింది. నిన్న రైతుబజార్‌లో రెండు మూరల కనకాంబరాలు కొనుక్కుంది. జడ ఇప్పటికీ నన్నే అల్లమంటుంది.